నారాయ్ రాజు, బందరు రేవు



పదిహేడో శతాబ్దంలో బందరుకు ఏనుగులు ఓడల్లో వచ్చేవి. ఒకటీ అరా కాదు. 1669 నుంచి 1679 దాకా బంగాళాఖాతం చుట్టుపక్కల తిరిగిన థామస్ బౌరీ అనే ఇంగ్లీషు నావికుడు తను చూసిందీ విన్నదీ ఓపిగ్గా రాసిపెట్టాడు. గోల్కొండ సుల్తానుకు సొంత ఓడలున్నాయట. అవి ఏటా అరకాన్‌కు, తెనాసరింకు, సింహళానికి వెళ్ళి సుల్తాను కోసం, ఆయన అమీర్ల కోసం ఏనుగుల్ని కొని తెస్తాయట. ఒక్కో ఓడలో 14 నుంచి 26 ఏనుగుల దాకా పడతాయని బౌరీ చెప్పిన లెక్క. అలాంటి ఓడ ఎంత దిట్టంగా ఉండాలో వేరే చెప్పక్కర్లేదు. గోదావరి ఒడ్డున నరసాపురం వడ్రంగులు అప్పట్లో అంతటి పనివాళ్ళు. వాళ్ళ పనితనాన్ని కూడా ఆయన మెచ్చుకున్నాడు.

బందరు నుంచి గోల్కొండకు పోయే బాట బెజవాడ మీదుగా సాగేది. ఆ ప్రాంతానికి కాపలా కోట కొండపల్లి. ఇవాళ మైలవరం నుంచి బెజవాడ వెళ్ళేవాళ్ళకి దారిలో కనిపించే ఆ కొండ మీది బురుజులు ఆ రోజుల్లో గోల్కొండ సుల్తానువే.  కృష్ణా తీరం నేత, అద్దకం, దారుల మీది సుంకం, రేవు రాబడి అన్నీ కలిసిన ఒకే బజారుగా ఈ నేల బతికిన కాలం అది. ఆ బజారుకు అవతలి గట్టున, సముద్రం దాటాక, ఒక రాజు ఉన్నాడు. ఆయన పేరు నారాయ్. దేశం సయాం, అంటే ఇప్పటి థాయిలాండ్. రాజధాని అయుత్థయ. ఏనుగులు ఓడెక్కే తెనాసరిం, మెర్గుయి రేవులు ఇప్పుడు మయన్మార్‌లో ఉన్నాయి. అప్పుడు ఆయన ఏలుబడిలో ఉండేవి.

నారాయ్ గురించి రాసిన పుస్తకాలు చాలావరకు ఫ్రాన్సు వైపు నుంచి చూసి రాసినవే. పద్నాలుగో లూయీ దర్బారు, వెర్సాయ్ అద్దాల మహలు, రాయబారాలు, జెసూట్ పాదిరీలు. చూడ్డానికి అదంతా బ్రహ్మాండంగానే ఉంటుంది. కానీ ఫ్రాన్సు సంబంధం ఆయన పాలనలో చివరి ఏడెనిమిదేళ్ళ ముచ్చట. బందరు సంబంధం ఆయన గద్దెనెక్కిన నాటి నుంచీ ఉంది. ఆయన కథను కృష్ణా తీరం నుంచి చూస్తే ఎత్తూ పతనమూ రెండూ ఇంకోలా కనిపిస్తాయి.

నారాయ్ 1632లో పుట్టాడు. తండ్రి ప్రాసాత్ తోంగ్ మహారాజు. పసివాడిగా ఉన్నప్పుడు బంధువులకు ఈయన నాలుగు చేతులతో కనిపించాడనీ, అందుకే నారాయణుడి పేరు పెట్టారనీ సయాం రాజుల చరిత్ర చెబుతుంది. 1656 ఆగస్టులో తండ్రి చనిపోయాడు. పెద్దకొడుకు చాయ్ గద్దెనెక్కాడు. నారాయ్ తన పినతండ్రి శ్రీ సుధర్మరాజాతో చేయి కలిపి అన్నను దించేశాడు. పినతండ్రి రాజయ్యాడు, నారాయ్ ఉపరాజు. రెండు నెలలు గడిచేసరికి పినతండ్రి కన్ను నారాయ్ చెల్లెలి మీద పడింది. ఆమె పుస్తకాల పెట్టెలో దాక్కుందనీ, పరిచారికలు ఆ పెట్టెను మోసుకుపోయి అన్నగారింట దించారనీ కథ. పెట్టె కథలో పాలెంతో నీళ్ళెంతో గానీ, ఆ అక్టోబరులో నారాయ్ రాజభవనం మీద పడి గద్దె పట్టుకున్నమాట నిజం. అప్పటికి ఆయనకు ఇరవై నాలుగేళ్ళు.

ఆ దాడిలో ఆయన వెంట నడిచింది ఎవరు? సయాం సైనికులతో పాటు జపాను వాళ్ళు, మలయా వాళ్ళు, పర్షియా వాళ్ళు. అవి మొహర్రం రోజులు. అయుత్థయలోని పర్షియన్లు మాతం ఊరేగింపు పేరుతో గుంపుగా భవనం దాకా వెళ్ళి లోపల జొరబడ్డారని, తర్వాత ముప్ఫై ఏళ్ళకు సయాం వచ్చిన పర్షియన్ రాయబారి బృందం లేఖకుడు తన సఫీనె సులేమానీ గ్రంథంలో రాశాడు. తమవాళ్ళ గొప్ప కాస్త ఎక్కువే చెప్పుకుని ఉంటాడు. అయినా కొత్త రాజు ఆ మేలు మరిచిపోలేదు. తర్వాత ఇరవై ఏళ్ళ పైన సయాం పడమటి వ్యాపారం, తెనాసరిం పరిపాలన, మెర్గుయి రేవు పెత్తనం చాలావరకు పర్షియన్ల చేతుల్లోనే నడిచాయి. అకా మహమ్మద్ అస్త్రాబాదీ అనే ఆయన రాజుకు కుడిభుజం అయ్యాడు.

ఈ పర్షియన్లు ఎక్కడివాళ్ళు? పుట్టింది ఇరాన్‌లో. వాళ్ళలో చాలామంది వ్యాపారం నేర్చిందీ డబ్బు కూడబెట్టిందీ గోల్కొండలో, బందరులో. కుతుబ్ షాహీలు షియాలు. ఇరాన్ నుంచి వచ్చినవాడికి వాళ్ళ దర్బారు పుట్టిల్లు లాంటిది. ఒక అన్న హైదరాబాదులో కొలువులో ఉంటే ఇంకో తమ్ముడు బందరులో కోఠీ నడిపేవాడు. బావమరిది మెర్గుయిలో సరుకు దింపించుకునేవాడు. ఈ చుట్టరికాల అల్లిక మీదే బంగాళాఖాతం వ్యాపారం నిలబడింది. డచ్చివాళ్ళు 1605లో, ఇంగ్లీషువాళ్ళు 1611లో బందరు వచ్చి కోఠీలు పెట్టుకున్నా ఈ అల్లికను మాత్రం తెంపలేకపోయారు.

సయాం రాజు స్వయంగా వ్యాపారి. ఇది మన రాజుల కథలు విన్నవాళ్ళకి కొంచెం వింతగా ఉంటుంది. తగరం, ఏనుగు దంతం, అగరు, సాంబ్రాణి వంటి సరుకుల్ని రాజుగారి గిడ్డంగి కొంటుంది, రాజుగారి గిడ్డంగే అమ్ముతుంది. ఆ శాఖకు ప్రా ఖ్లాంగ్ అని పేరు. విదేశీ వ్యవహారాలూ దాని కిందికే వస్తాయి. అంటే వ్యాపార మంత్రీ విదేశాంగ మంత్రీ ఒకడే. రాజుగారి సొంత ఓడలు చైనాకు, జపానుకు, ఇటు బందరుకు తిరిగేవి. ఈశాన్య రుతుపవనం అందుకుని మెర్గుయిలో తెరచాప ఎత్తితే బంగాళాఖాతం అడ్డంగా దాటి తెలుగు తీరం చేరేవి. ఏనుగుల్నీ తగరాన్నీ ఇక్కడ దించి, తిరుగు ప్రయాణంలో బట్ట నింపుకునేవి.

బట్ట అంటే మామూలు బట్ట కాదు. సయాం దర్బారుకు కావలసిన అద్దకం వేరు, కలంకారీ వేరు. అంచుల్లో అగ్నిజ్వాలల్లా నిలువుగా లేచే మొగ్గలు, నడుమ చేతులు జోడించి కూర్చున్న దేవతామూర్తులు. ఆ నమూనాలు సముద్రం అవతల నుంచే వచ్చేవి. ఇక్కడి అద్దకపువాళ్ళు వాటిని చూసి వేసేవారు. పని తీరు ఇప్పటికీ పెడన చుట్టుపక్కల పూర్తిగా మాసిపోలేదు. గుడ్డను ఉతికి, గంజి పోగొట్టి, కరక్కాయ ముద్ద కలిపిన గేదెపాలలో ముంచి ఆరేస్తారు. పాలలోని కొవ్వు రంగును పక్కకు పాకనివ్వదు. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం కలిపి రోజుల తరబడి ఊరబెట్టిన నీళ్ళతో నల్ల గీత. ఎరుపు రావలసిన చోట పటిక నీళ్ళు. వేసినప్పుడు పటిక కంటికి కనబడదు. తర్వాత చిరివేరు వేసిన కాగులో గుడ్డను ఉడకబెడితే పటిక తగిలిన చోటే ఎరుపు పైకి తేలుతుంది. చిరివేరు సముద్రతీరపు ఇసుక నేలల్లో పెరిగే చిన్న మొక్క వేరు. కృష్ణా ముఖద్వారం దగ్గర నిజాంపట్నం వైపు దొరికే వేరుకు అప్పట్లో మంచి పేరు. 1606లో డచ్చివాళ్ళు నిజాంపట్నంలో కోఠీ పెట్టడానికి అదొక కారణం. ఉడికిన గుడ్డను పారే నీటిలో జాడించాలి. నిలవ నీటిలో జాడిస్తే రంగంతా గుడ్డకు అంటుకుని పని చెడిపోతుంది.

అయుత్థయలో ఇలాంటి బట్ట కట్టుకోవడం ఎవరిష్టం వాళ్ళది కాదు. రాజుగారు తన అధికారులకు హోదాను బట్టి బట్ట ఇస్తారు. నడుముకు చుట్టుకునే ఆ గుడ్డ మీది నమూనా చూసి మనిషి అంతస్తు చెప్పొచ్చు. 1687లో వచ్చిన ఫ్రెంచి రాయబారి లా లూబేర్ ఈ పద్ధతిని గమనించి రాశాడు. మన తీరంలో చిరివేరు కాగులో ఉడికిన గుడ్డ సయాంలో పదవికి గుర్తుగా నడిచిందన్నమాట.

మరి బందరు నుంచి అయుత్థయకు దారి ఏది? మలక్కా జలసంధి చుట్టి పోవచ్చు. అక్కడ 1641 నుంచి డచ్చివాళ్ళు కూర్చున్నారు. అందుకే మెర్గుయిలో దిగి, తెనాసరిం నది మీద చిన్న పడవల్లో పైకి వెళ్ళి, అక్కడి నుంచి ఎద్దుబళ్ళ మీదా ఏనుగుల మీదా కొండలు దాటి అవతలి సముద్రపు ఒడ్డుకు దిగేవారు. పులులు, జ్వరాలు, వర్షాల్లో బురద. ఎంత కష్టమైనా ఆ అడ్డదారి సయాం రాజుకు ప్రాణం. డచ్చివాడి అనుమతి లేకుండా పడమటి సరుకు ఇంటికి చేరే దారి అదొక్కటే. 1662లో అయుత్థయ చేరిన మొదటి ఫ్రెంచి మిషనరీలూ మెర్గుయి నుంచి ఈ దారినే వెళ్ళారు.

డచ్చివాళ్ళ దెబ్బ ఎలా ఉంటుందో నారాయ్‌కు త్వరలోనే తెలిసొచ్చింది. 1663లో వాళ్ళు అయుత్థయకు వెళ్ళే నది ముఖద్వారంలో ఓడలు నిలిపి వ్యాపారం ఆపేశారు. 1664 ఆగస్టులో సంధి చేసుకోక తప్పలేదు. దుప్పి చర్మాల ఎగుమతి మీద డచ్చివాళ్ళకు గుత్తాధిపత్యం ఇచ్చాడు. సయాం చర్మాలకు జపానులో గిరాకీ ఎక్కువ. రాజధాని ఓడ ఫిరంగికి మరీ అందుబాటులో ఉందన్న భయం ఆ తర్వాతే పట్టుకుందేమో, ఉత్తరాన లోప్‌బురిలో ఇంకో రాజభవనం కట్టించుకుని ఏడాదిలో ఎక్కువ నెలలు అక్కడే గడిపాడు. ఏనుగుల వేటంటే ఆయనకు పిచ్చి. దానికీ లోప్‌బురి అడవులే అనువు.

లోప్‌బురి భవనం గోడలు, ద్వారాలు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. ఆ ద్వారాల కమానులు పైన కోసుగా ఉంటాయి. గోడల పొడవునా దీపాలు పెట్టుకునే గూళ్ళు వందలకొద్దీ ఉన్నాయి, అవీ కోసు కమానులే. గోల్కొండ కోట తిరిగి వచ్చిన తెలుగువాడికి ఆ ఆకారం కొత్తగా అనిపించదు. ఊరి బయటి చెరువు నుంచి మట్టి గొట్టాల్లో నీళ్ళు తెచ్చి ఫౌంటెన్లు ఆడించారు. రాజుగారు పర్షియన్ తరహా దుస్తులు వేసేవారు, ఆ వంటలు ఇష్టపడేవారు. మనిషి పొడగరి కాడు. చామనచాయ, చురుకైన కళ్ళు. రాత్రిళ్ళు చరిత్ర గ్రంథాలు చదివించుకుని వినేవాడు. అలెగ్జాండరు చరిత్రను సయాం భాషలోకి అనువాదం చేయించుకున్నాడు. 1685 డిసెంబరు 11న చంద్రగ్రహణం వస్తే జెసూట్ పాదిరీలతో కలిసి దుర్భిణీలో చూశాడు. దర్బారులో ఆయన ఎదుట తల ఎత్తకూడదు, నేల మీద సాగిలపడాల్సిందే. గ్రహణం చూసిన రాత్రి మాత్రం ఆ నియమం కొంత సడలించాడు.

ఇంతటి తెలివిగలవాడు అటు పర్షియన్లనూ ఇటు బందరునూ ఎందుకు వదులుకున్నాడు? ఇక్కడే కథ మలుపు తిరుగుతుంది.

గ్రీసు దేశపు కెఫలోనియా దీవిలో పుట్టి, ఇంగ్లీషు ఓడల్లో నౌకరుగా తిరిగి, 1670లలో సయాం చేరినవాడు కాన్‌స్టంటైన్ ఫాల్కన్. సయాం భాష తొందరగా పట్టేశాడు, దర్బారు మర్యాదలూ నేర్చాడు. అన్నిటికంటే ముఖ్యంగా లెక్కలు తెలిసినవాడు. పర్షియన్ల లెక్కల్లో లొసుగులు బయటపెట్టి రాజు దృష్టిలో పడ్డాడు. రాజుకు రావలసిన డబ్బు వాళ్ళు మింగుతున్నారన్నాడు. అది పూర్తిగా అబద్ధమూ కాకపోవచ్చు. ఇరవై ఏళ్ళు ఒకే గుంపు చేతిలో రేవు ఉంటే ఎంతోకొంత చేతికి అంటుతుంది. పర్షియన్లు ఒక్కొక్కరే పక్కకు పోయారు. 1683 నాటికి మెర్గుయిలో పర్షియన్ల చోట ఇంగ్లీషువాళ్ళు కూర్చున్నారు. గవర్నరు రిచర్డ్ బర్నబీ, షాబందరు, అంటే రేవు అధికారి, శామ్యూల్ వైట్.

ఈ వైట్ బందరుకు కొత్తవాడు కాడు. అంతకు ముందు కొన్నేళ్ళు సయాం రాజుగారి ఓడకు కెప్టెనుగా మెర్గుయికీ బందరుకీ మధ్య తిరిగాడు. ఆయన ఓడలో వచ్చిన సరుకు ఏనుగులే. ఈస్టిండియా కంపెనీ కొలువులో లేకుండా సొంత వ్యాపారం చేసుకునే ఇంగ్లీషువాళ్ళను కంపెనీ దొంగల కింద లెక్క వేసేది. వైట్ అలాంటివాడు. మన బందరు బజారులో పర్షియన్ వర్తకుల పలుకుబడి చూసి కళ్ళు కుట్టినవాడు కూడా. అటువంటివాడి చేతికి రేవూ ఓడలూ ఫిరంగులూ వచ్చాయి.

1685లో నారాయ్ వంక ప్రపంచం అంతా ఒకేసారి చూసింది. ఫ్రెంచి రాజు రాయబారి షోమాన్ దిగాడు. అంతకు ముందు సయాం పంపిన తొలి రాయబారం 1681లో ఓడతో సహా సముద్రంలో కలిసిపోయింది. రెండో బృందం పారిస్ చేరాక ఫ్రాన్సు కదిలింది. అక్టోబరు 18న దర్బారు. నారాయ్ పైన కిటికీలో కూర్చున్నాడు. రాయబారి కింద ఉన్నాడు. లూయీ రాసిన లేఖను పొడుగు పిడి ఉన్న బంగారు పళ్ళెంలో పెట్టి చేయి చాచి పైకి అందించాలి. చేయి పైకెత్తడం తన రాజుకు చిన్నతనం అనుకున్నాడో ఏమో, షోమాన్ పళ్ళేన్ని సగం ఎత్తి ఆగిపోయాడు. నేల మీద సాగిలపడి ఉన్న ఫాల్కన్ ఇంకా పైకి, ఇంకా పైకి అని సైగలు చేస్తున్నాడు. షోమాన్ కదల్లేదు. అప్పుడు నారాయ్ నవ్వుకుంటూ నడుము వంచి, కిటికీలోంచి బయటికి వంగి, లేఖ తీసుకున్నాడు. ఈ దృశ్యాన్ని ఫ్రెంచి చిత్రకారులు చెక్కి ప్రచురించారు. వాళ్ళకు అది తమ గెలుపు. అటువైపు నుంచి చూస్తే మాత్రం, ఒక మొండి అతిథి ముందు పంతానికి పోని పెద్దమనిషి తీరు కనిపిస్తుంది.

లేఖలో లూయీ కోరింది ఒకటే, క్రైస్తవంలో చేరమని. నారాయ్ మర్యాదగా తప్పించుకున్నాడు. భగవంతుడికి అందరూ ఒకే మతంలో ఉండాలని ఉంటే, మనుషుల్ని పుట్టించినప్పుడే అలా చేసి ఉండేవాడు కదా అన్న అర్థం వచ్చేలా జవాబిచ్చాడని ఫ్రెంచివాళ్ళే రాసుకున్నారు. తమాషా ఏమిటంటే అదే సమయంలో ఇరాన్ షా పంపిన రాయబార బృందం కూడా దారిలో ఉంది. వాళ్ళూ ఆయన్ని ఇస్లాంలోకి తేవాలనుకున్నవాళ్ళే. చెన్నపట్నం మీదుగా మెర్గుయి చేరేసరికి వాళ్ళకు స్వాగతం చెప్పవలసిన పర్షియన్ అధికారులు అక్కడ లేరు, ఇంగ్లీషువాళ్ళున్నారు. అసలు రాయబారి అయుత్థయ చేరకముందే చనిపోయాడు. ఆ బృందం లేఖకుడు ఫాల్కన్ గురించి రాసిన పేజీల్లో విషం కారుతుంది. కారదూ మరి!

మరుసటి ఏడు, 1686 సెప్టెంబరు 1న, సయాం రాయబారి కోసా పాన్ వెర్సాయ్ అద్దాల మహల్లో లూయీ ముందు నిలబడ్డాడు. కానుకల్లో వెండి నగిషీ చేసిన రెండు ఫిరంగులు ఉన్నాయి. నూరేళ్ళ తర్వాత 1789 జూలైలో పారిస్ జనం రాజుగారి సామాను కొట్టులోంచి వాటిని లాక్కుపోయి బాస్టీల్ మీద గురిపెట్టారు. సయాం రాజు ఫ్రెంచి రాజుకు ఇచ్చిన ఫిరంగి ఫ్రెంచి రాజరికం మీదికే తిరగడం చరిత్రలో అరుదైన వేడుక.

వెర్సాయ్‌లో ఈ సంబరం సాగుతుంటే, మన తీరంలో ఇంకో వ్యవహారం నడుస్తోంది. ఫాల్కన్, వైట్ కలిసి సయాంను గోల్కొండ మీద యుద్ధానికి దించారు. గోల్కొండ వ్యాపారుల మీద ఏవో పాత ఫిర్యాదులున్నాయి. అసలు ఉద్దేశం బంగాళాఖాతం వ్యాపారంలోంచి ముస్లిం వర్తకుల్ని ఊడబెరకడం. సయాం జెండా ఎగరేసుకుని ఇంగ్లీషు కెప్టెన్లు నడిపే ఓడలు తెలుగు తీరం మీద పడ్డాయి. కోట్స్ అనే కెప్టెను నరసాపురం పక్కన మాధవాయపాలెం రేవులో గోల్కొండ ఓడల్ని పట్టుకున్నాడు. ముప్ఫై ఏళ్ళ పొత్తును కొన్ని ఓడల దోపిడీతో చెల్లుబెట్టారు. నారాయ్‌కు ఇందులో ఎంత తెలుసు, ఎంత తెలియదు అన్నది వేరే సంగతి. రాజుగారి పేరు మీద జరిగింది కాబట్టి బాధ్యత ఆయనదే.

ఆ గోల్కొండ సుల్తాను ఎవరనుకున్నారు? అబుల్ హసన్ తానీషా. కంచెర్ల గోపన్న కథలో మనందరం ఎరిగిన తానీషాయే. 1678లో తన మంత్రులు అక్కన్న మాదన్నలను వెంటబెట్టుకుని బందరు దాకా వచ్చి చూసిపోయాడు. కూచిపూడి భాగవతులకు అగ్రహారం ఇచ్చాడని చెప్పుకునేది కూడా ఈయన గురించే. సయాం ఓడలు ఈయన రేవుల మీద పడినప్పుడు జవాబు చెప్పే తీరిక ఈయనకు లేదు. ఉత్తరం నుంచి ఔరంగజేబు మీదికొస్తున్నాడు. 1686లో మాదన్ననూ అక్కన్ననూ గోల్కొండ వీధిలో చంపేశారు. 1687లో ఎనిమిది నెలల ముట్టడి తర్వాత సెప్టెంబరులో కోట పడిపోయింది. తానీషాను దౌలతాబాద్ కోటలో ఖైదు చేశారు.

మెర్గుయిలో అప్పటికే రక్తం పారింది. వైట్ చేసిన దోపిడీల బాధితుల్లో కంపెనీ స్నేహితులూ ఉన్నారు. మద్రాసు నుంచి కుర్తానా అనే యుద్ధనౌకను కెప్టెన్ వెల్ట్‌డెన్‌తో పంపి, ఇంగ్లీషువాళ్ళందరూ సయాం కొలువు వదిలి వచ్చెయ్యాలని ఇంగ్లండు రాజు ఆజ్ఞ వినిపించారు. 1687 జూలై 14 రాత్రి మెర్గుయి జనం, సయాం సైనికులు ఒడ్డున ఉన్న ఇంగ్లీషువాళ్ళ మీద పడ్డారు. పదుల సంఖ్యలో చచ్చారు. బర్నబీ వాళ్ళలో ఒకడు. వైట్ మాత్రం రిసొల్యూషన్ అనే ఓడెక్కి తప్పించుకున్నాడు. సంపాదించుకున్న డబ్బుతో ఇంగ్లండు చేరి, దాన్ని అనుభవించకుండానే 1689లో పోయాడు. మెర్గుయి దాడి జరిగిన మరుసటి నెల, 1687 ఆగస్టులో, సయాం ఈస్టిండియా కంపెనీ మీద యుద్ధం ప్రకటించింది.

అంటే నారాయ్ చేతిలో ఇక మిగిలింది ఫ్రాన్సు ఒక్కటే. గోల్కొండ పోయింది, ఇంగ్లీషు పోయింది, పర్షియన్లు దూరమయ్యారు, డచ్చివాళ్ళు ఎన్నడూ మిత్రులు కారు. ఆ ఫ్రాన్సు 1687లో పంపింది రాయబారుల్నే కాదు. జనరల్ డెఫార్జ్ కింద వందల మంది సైనికుల్ని కూడా పంపింది. వాళ్ళు బ్యాంకాక్ కోటలో తిష్ఠ వేశారు, ఇంకో దండు మెర్గుయిలో దిగింది. డచ్చివాడికి భయపడి పిలిచిన చుట్టం ఇంటి తాళాలు అడగడం మొదలెట్టాడు.

సయాం పెద్దమనుషులకు, భిక్షువులకు అది మింగుడుపడలేదు. వాళ్ళకు నాయకుడు దొరికాడు, ఫెట్రాచా. ఆయన రాజుగారి ఏనుగుల దళానికి అధిపతి. నారాయ్‌కు పాలిచ్చిన దాది కొడుకు. చిన్నప్పటి నుంచీ కలిసి తిరిగినవాడు. 1688 మార్చిలో నారాయ్ ఒళ్ళంతా నీరు పట్టి మంచం ఎక్కాడు. ఆ ఏప్రిల్ 30న సూర్యగ్రహణం పట్టింది. మే నెలలో ఫెట్రాచా లోప్‌బురి భవనాన్ని పట్టుకున్నాడు. రాజు పెంచుకున్న కొడుకు ప్రా పీని చంపించాడు. జూన్ 5న ఫాల్కన్ తల తీయించాడు. తన తర్వాత గద్దె ఎవరిదన్న గొడవ చూస్తూ, ఏమీ చెయ్యలేక, నారాయ్ జూలై 11న కన్ను మూశాడు. ఆయన ఇద్దరు తమ్ముళ్ళను అంతకు రెండు రోజుల ముందే ఎర్ర గుడ్డ సంచుల్లో కట్టి, రాజరక్తం నేల మీద పడకూడదన్న ఆచారం ప్రకారం గంధపు కర్రతో కొట్టి చంపారు. ఫెట్రాచా రాజయ్యాడు, నారాయ్ కూతురిని పెళ్ళి చేసుకున్నాడు. ఫ్రెంచి దండు నవంబరులో సయాం వదిలి పుదుచ్చేరి దారి పట్టింది.

తానీషానూ నారాయ్‌నూ పక్కపక్కన పెట్టి చూడాలనిపిస్తుంది. ఇద్దరూ పుట్టుకతో పదవులు దక్కాల్సిన పెద్దమనుషుల్ని కాదని బయటివాడి చేతికి పగ్గాలిచ్చారు. ఇటు మాదన్న, అటు ఫాల్కన్. ఇద్దరూ సమర్థులు, ఇద్దరినీ రాజుగారి సొంత మనుషులే చంపారు, రెండేళ్ళ తేడాతో. అయితే పోలిక అక్కడితో ఆగుతుంది. మాదన్న పుట్టిన నేలకే లెక్కలు రాశాడు. ఫాల్కన్ లెక్కలన్నీ ఎటు గాలి వీస్తే అటు. పర్షియన్లను తీసేయడం నారాయ్ చేసిన తప్పని కొందరు చరిత్రకారులు అంటారు. అసలు తప్పు తీసేసిన చోటులో నాటుకున్న మనిషిని పెట్టకపోవడం. పర్షియన్లకు అయుత్థయలో ఇళ్ళున్నాయి, పెళ్ళిళ్ళున్నాయి, గోరీలున్నాయి. వాళ్ళలో షేక్ అహ్మద్ సంతతి బున్నాగ్ వంశంగా సయాంలో ఆ తర్వాత రెండు వందల ఏళ్ళు మంత్రులైంది. వైట్‌కు మెర్గుయిలో ఉన్నది ఒక పెట్టె మాత్రమే.

1688 తర్వాత సయాం తలుపులు మూసుకుందని పాత పుస్తకాల్లో రాస్తారు. అది పూర్తిగా నిజం కాదు. మూసుకున్నది ఫ్రాన్సు వైపు తలుపు. ఫెట్రాచా డచ్చివాళ్ళతో ఆ ఏడు చివర్లోనే కొత్త ఒప్పందం చేసుకున్నాడు. చైనా ఓడలు ఇంకా ఎక్కువగా వచ్చాయి. పద్దెనిమిదో శతాబ్దంలోనూ సయాం దర్బారు కోసం తెలుగు, తమిళ తీరాల్లో అద్దకం సాగుతూనే ఉంది. ఆనాటి ముక్కలు కొన్ని లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. చేతులు జోడించిన దేవతలు, అంచుల్లో జ్వాలలు, నేల అంతా చిరివేరు ఎరుపు.

థాయిలాండ్‌లో నారాయ్‌కు మహారాజు అన్న బిరుదు నిలిచింది. లోప్‌బురిలో ఏటా ఫిబ్రవరిలో ఆయన పేరిట ఉత్సవం చేస్తారు. ఊళ్ళోవాళ్ళు పాతకాలపు దుస్తులు కట్టుకుని భవనం ఆవరణలో తిరుగుతారు. 2018లో ఆయన కాలం నేపథ్యంగా వచ్చిన ఒక టెలివిజన్ సీరియల్ ఆ దేశాన్ని ఊపేసింది. జనం అయుత్థయ శిథిలాల్లో ఆనాటి వేషాలతో ఫొటోలు దిగడానికి ఎగబడ్డారు. అందులో ఫాల్కన్ ఉన్నాడు, గుడ్డు సొనతో మిఠాయిలు చేసిన ఆయన భార్య మరియా కూడా ఉంది. ఆ సీరియల్ చూసి లోప్‌బురి వెళ్ళే తెలుగు యాత్రికులకు ఒక్క సూచన. రాజదర్బారు గోడల దగ్గర ఆగిపోకుండా పక్కనున్న ఇటుక గిడ్డంగుల వరుస దాకా నడవండి. పన్నెండు గదులు, ఎత్తైన గోడలు, కోసు కమానుల వాకిళ్ళు. రాజుగారి సరుకు దాచింది అక్కడేనంటారు.